జేయూనిట్ 4 నుంచి 5కు: ఒక్క టెస్టూ జారిపోకుండా మార్చడం ఎలా

జావా కోడ్‌ను పరీక్షించే జేయూనిట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ మార్చేటప్పుడు ఫెయిలయ్యే టెస్టుతో పెద్ద చిక్కు లేదు, అది కంటికి కనబడుతుంది. చడీచప్పుడు లేకుండా నడవడం మానేసే టెస్టులతోనూ, నడుస్తూ ఏమీ పరీక్షించని టెస్టులతోనూ జాగ్రత్తగా ఉండాలి. అందుకే కోడ్ ముట్టుకోకముందే మెయిన్ బ్రాంచిలో టెస్టులన్నీ నడిపి, మాడ్యూల్ వారీగా ఎన్ని నడిచాయో, ఎన్ని స్కిప్ అయ్యాయో రాసిపెట్టుకోండి.

మొదటి పుల్ రిక్వెస్ట్‌లో (రివ్యూ కోసం పంపే మార్పుల కట్టలో) బిల్డ్ ఫైలు మాత్రమే మారాలి. జేయూనిట్ 5 టెస్టులను నడిపే జూపిటర్‌తో పాటు, జేయూనిట్ 4 టెస్టులను నడిపే వింటేజ్ ఇంజిన్‌నూ చేర్చండి. పాత టెస్టులు కొత్త ప్లాట్‌ఫామ్ మీద నడిచేది దానివల్లే. జావా 8 కనీసం ఉండాలి. బిల్డ్ సాధనం మావెన్ అయితే, టెస్టులు నడిపే దాని ప్లగిన్ ష్యూర్‌ఫైర్ 2.22.0 లేదా ఆ తర్వాతిది కావాలి. గ్రేడిల్ అయితే దాని టెస్ట్ టాస్క్‌కు 'యూజ్ జేయూనిట్ ప్లాట్‌ఫామ్' పెట్టాలి. అది మరిచిపోతే జూపిటర్ టెస్టులు నడవకుండానే బిల్డ్ పాసయిపోవచ్చు.

ఆపైన ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కో పుల్ రిక్వెస్ట్. అన్నీ ఒకేసారి మారిస్తే ఇతరులు పంపి ఉంచిన మార్పులన్నిటికీ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి, రివ్యూ చేసేవారికీ ఓపిక ఉండదు. ఫార్మాటింగ్ సవరణలు ఇందులో కలపకండి.

ఇక అనోటేషన్లు, అంటే మెథడ్ మీద @తో రాసే గుర్తులు. బిఫోర్ స్థానంలో బిఫోర్‌ఈచ్, బిఫోర్‌క్లాస్ స్థానంలో బిఫోర్‌ఆల్, ఇగ్నోర్ స్థానంలో డిజేబుల్డ్ వస్తాయి. ఓపెన్‌రీరైట్ లాంటి సాధనం ఈ పనిలో చాలాభాగం చేసేస్తుంది. అయితే ఒకే క్లాసులో పాతవీ కొత్తవీ కలిసి మిగలకుండా చూడాలి. టెస్ట్ అనోటేషన్ జూపిటర్‌ది, బిఫోర్ పాతది అయితే సెటప్ నడవదు. పాత ఇగ్నోర్ మిగిలిపోతే, ఆపిన టెస్టు మళ్లీ నడుస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం అసర్షన్లలో (ఫలితం సరైందేనా అని చూసే పిలుపులలో) ఉంది. పాతదాంట్లో, ఫెయిలైతే చూపే సందేశం మొదటి ఆర్గ్యుమెంటు, కొత్తదాంట్లో చివరిది. అసర్ట్‌ట్రూలో పొరపాటు జరిగితే కంపైలరే పట్టేస్తుంది. కానీ పరీక్షించే విలువ కూడా స్ట్రింగ్ అయితే, ఇంపోర్ట్ మాత్రమే మార్చిన అసర్ట్‌నాట్‌నల్ హాయిగా కంపైల్ అవుతుంది. అప్పుడది మీ విలువను చూడదు, సందేశం నల్ కాదని మాత్రమే చూస్తుంది, ఎప్పటికీ పాసవుతుంది. అసర్ట్‌నాట్‌ఈక్వల్స్, అసర్ట్‌నాట్‌సేమ్‌లదీ ఇదే తీరు. ఈ మూడింటినీ వెతికి, ఒక్కొక్కటీ కళ్లతో చూడండి.

ఎక్సెప్షన్ వస్తుందో లేదో చూడడానికి టెస్ట్ అనోటేషన్‌లో 'ఎక్స్‌పెక్టెడ్' వాడిన చోట అసర్ట్‌త్రోస్ రాయాలి. ఎక్సెప్షన్ రావాల్సిన ఒక్క పిలుపునే లాంబ్డాలో పెట్టండి. పాత పద్ధతిలో మెథడ్‌లోని ఏ వరుస నుంచి వచ్చినా పాసయ్యేది. విడదీశాక ఫెయిలైతే ఆ టెస్టు మొదటినుంచీ తప్పే.

టైమౌట్‌లోనూ తేడా ఉంది. అసర్ట్‌టైమౌట్ పని పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే ఆలస్యమైందని చెబుతుంది; అనంత లూప్‌ను ఆపడం దానివల్ల కాదు. ప్రీఎంప్టివ్ రకం మధ్యలో ఆపుతుంది కానీ కోడ్‌ను వేరే థ్రెడ్‌లో నడుపుతుంది, థ్రెడ్‌లోకల్ (ఒక్కో థ్రెడ్‌కు విడిగా ఉండే నిల్వ) మీద ఆధారపడిన ట్రాన్సాక్షన్లు అక్కడ పనిచేయవు.

సొంతంగా రాసుకున్న రూల్స్‌ను (టెస్టుకు ముందూ వెనకా నడిచే జేయూనిట్ 4 కోడ్‌ను) ఎక్స్‌టెన్షన్లుగా తిరగరాయాలి. శ్రమంతా ఇక్కడే, వీటిని చివరికి ఉంచుకోండి.

ప్రతి మాడ్యూల్ తర్వాత, మొదట రాసిపెట్టుకున్న అంకెలతో పోల్చండి. తగ్గితే కారణం పుల్ రిక్వెస్ట్‌లోనే రాయండి. పారామీటరైజ్డ్ (టెస్టులను వేర్వేరు విలువలతో మళ్లీ మళ్లీ నడిపే) క్లాసులో పారామీటర్ అక్కర్లేని టెస్టులు పాతదాంట్లో ప్రతి విలువకూ మళ్లీ నడిచేవి, ఆ తగ్గుదల న్యాయమైనదే.

అన్నీ అయ్యాక వింటేజ్‌ను తీసేయండి. వేరే లైబ్రరీ వెంట జేయూనిట్ 4 వస్తూంటే దాన్నీ మినహాయించండి. లేకపోతే ఎవరో పాత టెస్ట్ ఇంపోర్ట్ వాడతారు, అది కంపైల్ అవుతుంది, ఎన్నడూ నడవదు. పాత ఇంపోర్ట్‌లను ఆపే చెక్‌స్టైల్ (కోడ్ రాసిన తీరును తనిఖీ చేసే సాధనం) నియమం ఒకటి సీఐలో, అంటే ప్రతి మార్పుకూ బిల్డ్, టెస్టులు వాటంతటవే నడిచే వ్యవస్థలో, పెట్టండి.