పిల్లికి షుగర్ వచ్చింది, మూడో పాఠం: మొదటి ఇంజెక్షన్

కిందటి పాఠంలో పిల్లి బరువు, రోజూ తాగే నీళ్లు రాసుకోవడం మొదలుపెట్టాం. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఇవాళ ఇంజెక్షన్ నేర్చుకుందాం.

ఈ పాఠం అంటే మీకెంత టెన్షన్‌గా ఉందో నాకు తెలుసు. మా మల్లికి షుగర్ అని తేలిన రోజు డాక్టర్ చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. బల్ల మీది సిరంజిల కట్టనే చూస్తూ కూర్చున్నాను. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటలకోసారి, దీన్ని నా చేత్తో దానికి గుచ్చాలా అనిపించింది. వారం తిరిగేసరికి అర్థమైంది, గుచ్చడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక. ఇన్సులిన్ సూది చాలా సన్నం. గిన్నెలో తల పెట్టి తింటున్న పిల్లి చాలాసార్లు దాన్ని పట్టించుకోదు కూడా. ప్రమాదమంతా సూది గుచ్చకముందే ఉంటుంది. ఏ సిరంజి తీశాం, ఎంత మందు లాగాం, పిల్లి తిన్నదా లేదా అన్నవే అసలు ప్రశ్నలు. అందుకే గుచ్చడం గురించి ఆఖర్లో చెబుతాను.

సిరంజి మీది అంకె

సీసాను వెలుతురులోకి తీసుకెళ్లి దాని మీద ఏముందో చదవండి. పిల్లులకు వాడే ఇన్సులిన్లలో కేనిన్సులిన్, ప్రోజింక్ యు-40 రకం. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. మనుషుల కోసం తయారై పిల్లులకూ వాడే గ్లార్జిన్ మామూలుగా యు-100, మిల్లీలీటరుకు 100 యూనిట్లు. అందులోనే ఇంకా గాఢమైన రకం కూడా ఉంది కాబట్టి పేరు చూసి సరిపెట్టుకోకండి, అంకె చదవండి. సీసా మీద ఏ అంకె ఉందో సిరంజి మీదా అదే ఉండాలి.

లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. డాక్టర్ 2 యూనిట్లు చెప్పారు. మీ సీసా యు-100, చేతికొచ్చిన సిరంజి యు-40. ఆ సిరంజిలో 2 గీత దాకా లాగితే వచ్చేది 0.05 మిల్లీలీటరు. యు-100 మందులో అది 5 యూనిట్లు, చెప్పినదానికి రెండున్నర రెట్లు. నాలుగైదు కిలోల ప్రాణికి అది ప్రాణాంతకం కావచ్చు. తిరగేసి చూడండి. యు-40 మందును యు-100 సిరంజిలో 2 గీత దాకా లాగితే పిల్లికి అందేది 0.8 యూనిట్ మాత్రమే. అప్పుడు "ఇంజెక్షన్ చేస్తున్నా షుగర్ దిగట్లేదు" అని డోసు పెంచుకుంటూ పోయే ప్రమాదం ఉంది. సిరంజి మూత రంగును నమ్ముకోకండి. ఇంట్లో ఇంకెవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే వాళ్ల సిరంజిలు వేరే గదిలో పెట్టించండి.

పిల్లుల డోసు చిన్నది, తరచూ ఒక యూనిట్‌తోనే మొదలవుతుంది. మీది యు-100 మందైతే అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటరు సిరంజి అడిగి తీసుకోండి. పెద్ద సిరంజిలో ఒక యూనిట్ అంటే వెంట్రుకవాసి దూరం, కంటికి ఆనదు.

ముందు తేనె తెచ్చి పెట్టుకోండి

మొదటి ఇంజెక్షన్ కంటే ముందే ఇంట్లో తేనె గానీ గ్లూకోజ్ పొడి గానీ ఉండాలి. చక్కెర పాకమైనా సరే. ఇన్సులిన్ ఎక్కువైనా, తిండి తక్కువైనా షుగర్ పడిపోతుంది. మామూలుగా ఇంజెక్షన్ చేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య షుగర్ బాగా కిందికి దిగుతుంది కాబట్టి మొదటి రోజుల్లో ఆ సమయానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. పిల్లి తూలుతూ నడవడం, వణకడం, ఉన్నట్టుండి ఆకలితో అల్లాడడం, పిలిచినా పలక్కుండా మత్తుగా చూడడం, ఇవీ గుర్తులు. ముదిరితే ఫిట్స్ వస్తాయి.

తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనె వేలికి రాసుకుని చిగుళ్ల మీద రుద్దండి. స్పృహలో లేని పిల్లి నోట్లో దేన్నీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే వేలు పళ్ల మధ్యకు పోనివ్వకండి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఎందుకంటే ఆ ఇన్సులిన్ ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

ఇంకో మాట. పిండిపదార్థం తక్కువున్న తడి ఆహారం షుగర్ పిల్లికి మంచిది, నిజమే. కానీ డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా తిండి మార్చేయకండి. తిండి మారితే అవసరమైన ఇన్సులిన్ గబగబా తగ్గిపోవచ్చు. మీరు మాత్రం పాత డోసే ఇస్తూ ఉంటారు. కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఆ ఆశ నిజమైనదే. అందుకే మొదటి నెలల్లో ఇంకా జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి.

ఇక చేతిపని

ముందు తిండి పెట్టండి, తింటోందని కళ్లారా చూడండి. ముట్టకపోతే ఇంజెక్షన్ ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. తినని పిల్లికి పూర్తి డోసు ఇవ్వకూడదు.

మందు కలిపే పద్ధతి రకాన్ని బట్టి మారుతుంది. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, దాన్ని ఊపకూడదు. మబ్బుగా మారితే పారేయాలి. ప్రోజింక్ సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. మిగతావాటికి డబ్బాలోని కాగితంలో ఎలా రాసి ఉంటే అలా చేయండి. సిరంజిలో గాలి బుడగ వస్తే గోటితో తట్టి పైకి పంపి బయటికి నెట్టేయండి. చర్మం కింద ఆ కాస్త గాలి వల్ల హాని లేదు గానీ, అది ఉన్నంత మేర మందు తగ్గిపోతుంది.

ఇప్పుడు పిల్లి పక్కన కూర్చోండి, ఎదురుగా కాదు. పక్కటెముకల దగ్గర, వెన్నుకు కొంచెం కింద, చర్మాన్ని బొటనవేలితోనూ మధ్యవేలితోనూ పట్టి పైకి లేపండి. చిన్న గుడారంలా లేస్తుంది. చూపుడువేలితో ఆ గుడారం మొదట్లో నొక్కితే ఓ గుంట పడుతుంది. సూది మొనకు ఏటవాలుగా కోసి ఉన్న వైపు పైకి ఉండేలా పట్టుకుని, వెన్నుకు సమాంతరంగా ఆ గుంటలోకి పోనివ్వండి. మెల్లమెల్లగా పొడిస్తేనే నొప్పి, ఒకే కదలికలో పోనివ్వాలి. మందు నెట్టాక ఒక్క క్షణం ఆగి సూది తీయండి. తర్వాత ఆ చోట వేలితో తడిమి చూడండి. బొచ్చు తడిగా ఉంటే సూది అవతలి వైపుకు దూసుకొచ్చిందన్నమాట. చాలా ఇన్సులిన్లకు ఒక రకం మందు వాసన ఉంటుంది, వేలు వాసన చూసినా తెలిసిపోతుంది.

మూడో రోజు నాకూ అలాగే తడి తగిలింది. ఎంత లోపలికి పోయిందో, ఎంత బయటపడిందో తెలియదు. ఇంకో యూనిట్ ఇద్దామని చెయ్యి సిరంజి మీదికి పోయింది. ఇవ్వకుండా ఆగాను, మీరూ ఆగండి. సగం పోయినా, ఇచ్చామో లేదో గుర్తు లేకపోయినా, ఇంట్లో ఇంకొకరు ఇచ్చేశారేమో అని అనుమానం వచ్చినా ఆ పూటకు మళ్లీ ఇవ్వకండి. ఒక పూట షుగర్ ఎక్కువగా ఉంటే పిల్లి తట్టుకుంటుంది. రెండు డోసులు పడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అలాగని పూటలకు పూటలు ఎగ్గొట్టకూడదు. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీరసంగా పడి ఉంటే రక్తంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగి ఉండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వాడిన సూదిని గట్టి మూత ఉన్న మందపాటి డబ్బాలో వేయండి. ఒక సూది ఒక్కసారికే.

ఈ వారం ఇంటిపని

రెండు రోజులు మందు లేకుండా గుడారం పట్టడం మాత్రమే చేయండి, పిల్లి తింటున్నప్పుడు, రోజుకు రెండుసార్లు. ఇది ఇంజెక్షన్లు ఇంకా మొదలుకాని వాళ్లకే. డాక్టర్ ఇప్పటికే మొదలుపెట్టమని చెప్పి ఉంటే ఈ పాఠం కోసం ఒక్క పూట కూడా ఆపకండి, మొదటిది వాళ్ల ముందే చేసి చూపించండి. ప్రతి ఇంజెక్షన్‌కీ నోట్‌బుక్‌లో ఒక వరుస రాయండి. ఎవరు ఇచ్చినా సూది తీసిన వెంటనే రాయాలి. మా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: "ఉదయం 7. ముప్పావు గిన్నె తిన్నది. 1 యూనిట్, ఎడమ పక్క. బొచ్చు పొడిగానే ఉంది." సాయంత్రం కుడి పక్క. ఒకే చోట రోజూ గుచ్చితే చర్మం గట్టిపడి మందు సరిగా ఇంకదు.

వచ్చే పాఠంలో చెవి అంచు నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి ఇంట్లోనే షుగర్ చూడడం నేర్చుకుందాం. దానికి పిల్లుల కోసం తయారైన మీటర్ ఉంటే మంచిది. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో షుగర్‌ను తరచూ తక్కువగా చూపిస్తుంది. ఈలోగా రోజుకోసారి చెవిని వేళ్ల మధ్య పట్టి మెల్లగా నిమురుతూ ఉండండి, ఆ స్పర్శ దానికి అలవాటు కావాలి.