కండరాల జబ్బుల పేర్లు: తోక నుంచి తలకు చదివే పద్ధతి

నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులకూ, అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (రోగుల ఫైళ్లలోని జబ్బులకు కోడ్ నంబర్లు వేయడం) నేర్చుకునేవాళ్లకూ కండరాల పాఠం దగ్గర బండి ఆగిపోతుంది. పదాలు పొడుగు, అన్నీ ఒకేలా వినిపిస్తాయి. బట్టీ పడితే పరీక్ష దాకా గుర్తుంటాయి గానీ కేస్ షీటు చేతికొచ్చేసరికి కలగాపులగం అవుతాయి. పదాన్ని ముక్కలు చేసి చివరి ముక్క నుంచి వెనక్కి చదవడం అలవాటు చేసుకోండి.

రాబ్డోమయోలిసిస్‌తో మొదలుపెడదాం. చివర లిసిస్, అంటే విచ్ఛిన్నం కావడం. దాని ముందు మయో, కండరం. మొదట రాబ్డో, గ్రీకులో కడ్డీ. మైక్రోస్కోపులో అడ్డచారలు కనిపించే కండరానికి ఆ ముక్క వాడతారు. కలిపి చదివితే చారల కండరం చిట్లిపోవడం. ఇంత తెలిస్తే మిగతా కథ అంతా దానికదే వస్తుంది. చిట్లిన కణాల్లోని సరుకు రక్తంలో కలుస్తుంది: మయోగ్లోబిన్ అనే కండర ప్రోటీను మూత్రంలోకి దిగి కోలా రంగు తెస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది; పొటాషియం పెరిగి గుండె లయ తప్పిస్తుంది; సీకే (క్రియాటిన్ కైనేజ్) ఎంజైము సాధారణ గరిష్ఠ స్థాయికి అయిదు రెట్లు దాటి వేలల్లోకి వెళ్తుంది. శిథిలాల కింద నలిగినవాళ్లలో, అలవాటు లేని కసరత్తు ఒక్కసారిగా చేసినవాళ్లలో, అరుదుగా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లలో ఇది చూస్తాం.

తోకల్లో ముందు పట్టు దొరకాల్సినవి మూడు: ఆల్జియా, ఐటిస్, పతి. ఆల్జియా అంటే నొప్పి, అంతే. డెంగీలో, ఫ్లూలో ‘ఒళ్లంతా నొప్పులు’ అంటే మయాల్జియా. ఐటిస్ అంటే ఇన్‌ఫ్లమేషన్, వాపూ మంటా. దాన్ని ఇన్‌ఫెక్షన్ అని రాయడం మొదటి ఏడాది విద్యార్థుల శాశ్వత పొరపాటు. డెర్మటోమయోసైటిస్‌లో క్రిమి లేదు, చర్మం మీదా కండరం మీదా సొంత రోగనిరోధక వ్యవస్థే తిరగబడుతుంది. పతి అంటే జబ్బు ఉందని మాత్రమే చెప్పే మాట, కారణం చెప్పదు. డాక్టరు మయాల్జియా అని రాస్తే మీరు దాన్ని మయోసైటిస్ చేయకూడదు. మయోసైటిస్ అనాలంటే సీకే, ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష), ఎంఆర్‌ఐ, బయాప్సీల్లో (కండరం ముక్క తీసి చూడటం) ఏదో ఒక ఆధారం కావాలి.

ట్రోఫీ అంటే పోషణ. పోషణ తగ్గి కండ కరిగితే ఎట్రోఫీ. ఆరు వారాలు సిమెంటు కట్టులో కదలకుండా ఉన్న కాలు సన్నబడటం కూడా ఎట్రోఫీయే. పెరిగితే హైపర్ట్రోఫీ. పోషణే గాడి తప్పితే డిస్ట్రోఫీ. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ ఎక్స్ క్రోమోజోములోని లోపం వల్ల ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. అందులో పిక్కలు లావుగా, బలంగా ఉన్నట్టు కనిపిస్తాయి. అది కండ కాదు, కండ స్థానంలో చేరిన కొవ్వు, పీచు. అందుకే దానికి సూడోహైపర్ట్రోఫీ అని పేరు. సూడో అంటే ఉత్తుత్తిది. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. ఆ రెండూ పెరిగాయని పిల్లాణ్ణి లివర్ పరీక్షల చుట్టూ తిప్పుతారు. సీకే ఒక్కటి చేయిస్తే సంగతి బయటపడుతుంది.

ఎస్థేనియా బలహీనత, పెనియా కొరత. ముసలితనంలో కండ తరిగిపోవడం సార్కోపెనియా. సార్కో అంటే మాంసం. ప్లీజియా అంటే పూర్తిగా చచ్చుబడటం, పరేసిస్ అంటే పాక్షికంగా. పక్షవాతం వచ్చిన మనిషి చెయ్యి కాస్త ఎత్తగలిగితే హెమిపరేసిస్ అని రాయాలి, హెమిప్లీజియా అని కాదు. హెమి అంటే సగం, ఇక్కడ ఒంట్లో ఒక పక్క. పరేస్థీషియా అని మరొకటుంది, అది తిమ్మిరి. కదలికతో దానికి పనిలేదు, స్పర్శకు సంబంధించినది. పరేసిస్‌నూ పరేస్థీషియానూ తారుమారు చేస్తే రోగి జబ్బే మారిపోతుంది.

ఆపరేషన్ తోకలు తేలిక. టమీ కోయడం, ఎక్టమీ తీసేయడం, రఫీ కుట్టడం. ఫేసియోటమీలో కండరాన్ని చుట్టి ఉన్న పొరను చీల్చి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. టెనోరఫీలో తెగిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) కుడతారు. మయోమెక్టమీ మాత్రం గైనకాలజీ వార్డుది, గర్భాశయంలోని ఫైబ్రాయిడ్ తీయడం. ఫైబ్రాయిడ్ అసలు పేరు లియోమయోమా, చారల్లేని నునుపు కండరపు గడ్డ.

జబ్బుల పేర్లు తోక నుంచి చదివినా, కండరాల పేర్లు మాత్రం ముందు నుంచే చదవాలి. ఫ్లెక్సర్ కార్పై రేడియాలిస్: వంచేది, మణికట్టును, రేడియస్ ఎముక వైపు. సెప్స్ అంటే తలలు, కాబట్టి బైసెప్స్‌కు రెండు, ట్రైసెప్స్‌కు మూడు, క్వాడ్రిసెప్స్‌కు నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి వాస్టస్ లాటరాలిస్, బయటి వైపున్న పెద్దది. పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా సూది తొడ ముందు బయటి వైపు వేసేది దానిలోకే. లెవేటర్ పాల్పెబ్రే సుపీరియోరిస్ పేరు చూసి భయపడక్కర్లేదు, పైరెప్పను ఎత్తేది అని అర్థం. నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందని మయస్థేనియా గ్రావిస్ జబ్బులో తరచూ ముందుగా అలిసిపోయేవాటిలో ఇదొకటి, అందుకే పొద్దున బాగున్న రెప్ప సాయంత్రానికి వాలిపోతుంది.

ఇక మోసం చేసే జంటలు. మయో కండరం, మయెలో వెన్నుపాము లేదా ఎముక మజ్జ. మయోసైటిస్, మయెలైటిస్ వేర్వేరు విభాగాల రోగులు. మయోపియాలో కండరమే లేదు, అది కళ్లు చికిలించడం నుంచి పుట్టిన మాట. పెరోనియల్ కాలి బయటి వైపుది, పెరీనియల్ మలద్వారానికీ జననాంగాలకూ మధ్యది, పెరిటోనియల్ పొట్ట లోపలి పొరది. ఎబ్డక్షన్ శరీరానికి దూరంగా, ఎడక్షన్ దగ్గరగా. డిక్టేషన్ వినేటప్పుడు ఒకటే శబ్దం, అందుకే ఫిజియోథెరపిస్టులు ‘ఏ-బి’, ‘ఏ-డి’ అని అక్షరాలు విడదీసి పలుకుతారు. ఇలియం తెలుగులో ఒక్కటే, ఇంగ్లిషులో రెండు: మూడో అక్షరం ఐ అయితే తుంటి ఎముక, ఈ అయితే చిన్నపేగు చివరి భాగం.

స్ట్రెయిన్, స్ప్రెయిన్ రెండింటికీ మనవాళ్లు ‘బెణికింది’ అనే అంటారు. స్ట్రెయిన్ కండరానికీ టెండన్‌కూ, స్ప్రెయిన్ ఎముకను ఎముకకు కలిపే లిగమెంటుకు. స్ట్రెయిన్‌లో ఉన్న టీ అక్షరాన్ని టెండన్‌గా గుర్తుపెట్టుకోండి. అమెరికా ఆసుపత్రుల ఫైళ్లకు వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో చీలమండ స్ప్రెయిన్ ఎస్ 93.4 కింద, చీలమండ, పాదం దగ్గరి కండరం, టెండన్ గాయాలు ఎస్ 96 కింద ఉంటాయి. మడమ వెనకాలే ఉన్నా ఎకిలిస్ టెండన్ గాయం మాత్రం ఎస్ 86.0, మోకాలి కింది కాలి విభాగంలోకి వెళ్తుంది. అలాగే కండరాల జబ్బులన్నీ కండరాలు, ఎముకల ఎం అధ్యాయంలో వెతక్కండి. రాబ్డోమయోలిసిస్ ఎం 62.82, కానీ డిస్ట్రోఫీలు జీ 71, మయస్థేనియా జీ 70, నాడీమండలం అధ్యాయంలో. పిక్క పట్టేయడం ఎం 62.831, నిద్రలో పట్టేస్తుందని డాక్టరు రాస్తే జీ 47.62.

రోగి మాటను వైద్య పదంగా మార్చడం వీటన్నిటికంటే కష్టం. ‘నీరసం’ అన్నవాళ్లందరికీ కండర బలహీనత లేదు. ఏ పని చేయలేకపోతున్నారో అడగండి. నేల మీద కూర్చుని లేవలేకపోవడం, తల దువ్వుకోలేకపోవడం, అటక మీద గిన్నె పెట్టలేకపోవడం మొండేనికి దగ్గరి కండరాల బలహీనత, మయోపతి అనుమానించాలి. కాలి నుంచి చెప్పు జారిపోవడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం చివరి కండరాలది. ఎక్కువగా నరాల జబ్బు. బలాన్ని 0 నుంచి 5 దాకా అంకెల్లో రాస్తారు. 1 అంటే కండరం అదిరింది గానీ అవయవం కదల్లేదు, 2 అంటే పక్కకు జరపగలరు, 3 అంటే భూమ్యాకర్షణకు ఎదురు ఎత్తగలరు, 4 అంటే మన చేతి ఒత్తిడిని కొంత తట్టుకోగలరు. 4/5 అంటే 80 శాతం బలం కాదు, ఈ మెట్లు సమానమైనవి కావు.

అన్నిటికంటే చిక్కు పెట్టేది ‘నరం’. నరం పట్టేసిందంటే చాలాసార్లు కండరం బిగుసుకుంది. సెలైన్ పెట్టేటప్పుడు నరం దొరకలేదంటే సిర దొరకలేదు. కత్తిపీట మీద చెయ్యి పడి ‘నరం తెగింది’ అని వస్తే మూడు చూడాలి. వేలు వంచలేకపోయినా చాపలేకపోయినా టెండన్ తెగి ఉండొచ్చు. వేలి కొనకు స్పర్శ తెలియకపోతే అసలు నరమే. కదలికా స్పర్శా బాగుండి నెత్తురు ఆగకపోతే ఆ ‘నరం’ రక్తనాళం. ఒక్కోసారి మూడూ తెగుతాయి, కాబట్టి మూడు జవాబులూ షీటులో విడివిడిగా రాయండి.