ఆరింది కదా అని దగ్గరికి పోకండి

మొన్న హనుమకొండ దగ్గర ఒక చెల్కలో ఇంజనీరింగ్ పిల్లలు రాకెట్ మోటారును, అంటే ఘన ఇంధనం నింపిన గొట్టాన్ని, స్టాండుకు బిగించి పరీక్షిస్తుంటే ఒక పిల్లగాడి చెయ్యి కాలింది. మోటారు పేలలేదు. ఫుస్సు ఫుస్సుమని రెండుసార్లు మండి ఆగింది, అంటించే తీగ ఊడిందేమో చూద్దామని వాడు పోయి వంగాడు, మూడోసారి అంటుకుంది. టెక్ ఫెస్ట్‌లు దగ్గరపడ్డాయని రాస్తున్నా. కళ్లద్దాలు, నీళ్ల బకెట్ సంగతి ఎవరైనా చెప్తారు.

ఇలా మండుతూ ఆరుతూ ఉండడాన్ని చఫింగ్ అంటారు. లోపల పీడనం చాలకపోతే మంట నిలవదు, కానీ ఘన ఇంధనం వేడిగానే ఉంటుంది కాబట్టి కొన్ని సెకన్లకు తనంతట తానే మళ్లీ రాజుకోవచ్చు. పొగ ఆగితే ఆరినట్టు కాదు. చలి పొద్దున ఇంకా జాగ్రత్త, చల్లబడ్డ ఇంధనం నెమ్మదిగా కాలుతుంది, పీడనం అందుకోదు.

ఇంకోటి పీడనం ఊగడం. గొట్టంలో అటూఇటూ తిరిగే ఒత్తిడి అలకు మంట సరిగ్గా వేళకు ఊతమిస్తే, ఉయ్యాలను నెట్టినట్టే, ఊపు పెరిగిపోతుంది. ఇది కాలేజీ పిల్లల తిప్పలే కాదు, నాసా ఏరీస్-1 అనే రాకెట్ బూస్టర్‌కు కూడా 12 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 12 సార్లు, ఊపు వస్తుందని తేలి ఇంజనీర్లు తల పట్టుకున్నారు. అందుకే "నిరుడు ఇదే రకం బాగా కాలింది సార్" అనే మాట నా దగ్గర చెల్లదు.

ఇంధనం మీరు కలపకండి, లైసెన్సు లేకుండా అది నేరం. కింద పడ్డ మోటారు వాడొద్దు. రేకుల షెడ్డులో, బండి డిక్కీలో పెట్టొద్దు: పగలు ఉబ్బి రాత్రి ముడుచుకుంటే లోపల పగుళ్లొస్తాయి, పగులు లోపలా మంట పాకితే పీడనం ఒక్కసారిగా ఎగిసి గొట్టం చీలుతుంది. పత్తి కుప్పలు, వరిగడ్డి ఉన్న దిక్కు వద్దే వద్దు. మోటారుకు ఎదురుగా, వెనకాల ఎవరూ నిలబడొద్దు, వీడియో తీసేవాడు కూడా. ఇగ్నైటర్ (మోటారును అంటించేది) తీగలు అన్నిటికన్నా చివర, ఒక్కరే కలపాలి, స్విచ్ తాళంచెవి ఆ మనిషి జేబులోనే ఉండాలి. 2003 ఆగస్టు 22న బ్రెజిల్‌లోని అల్కాంటారాలో, రాకెట్ ప్రయోగానికి ఇంకా రోజులుండగానే, ఒక మోటారు అనుకోకుండా అంటుకుని 21 మంది పోయారు. మండకపోతే ముందు బ్యాటరీ తీయండి. అసలే అంటుకోని మోడల్ రాకెట్‌కు 60 సెకన్లు ఆగమని నియమం, మండి ఆగినదానికి మాత్రం నేను అరగంట అంటా, అదీ గడియారం చూసి. ఆ అరగంటలో ఎవరూ పోవద్దు. తీగ సర్దడానికి వద్దు, ఫొటోకు వద్దు, టైమ్ అయిపోతోందని జడ్జిగారు కేకేసినా వద్దు.