బంకమట్టి పెరట్లో రబీ ఉల్లి: బెంగళూరువాసులకు సాగు పద్ధతి

బెంగళూరు చుట్టుపక్కల ఎర్రమట్టిలో బంక పాలు ఎక్కువగా ఉన్నచోట నేల వానకు ముద్దగా అంటుకుని, ఎండకు పెంకులా గట్టిపడుతుంది. అటువంటి పెరట్లోనూ మంచి ఉల్లి పండుతుంది. అయితే తవ్వకానికి సమయం ఎంచుకోవడంలోనే సగం పని ఉంది.

గుప్పెడు మట్టిని పిడికిట బిగించి, నడుమెత్తు నుంచి జారవిడవండి. అది నేలను తాకగానే చిట్లి విడిపోతే పదును కుదిరినట్టు, ముద్దగానే పడి ఉంటే మరో రెండు మూడు రోజులు ఆగాలి. తడిమట్టిని తొక్కినా తవ్వినా అందులోని గాలి సందులు మూసుకుపోయి, ఆ ఏడాదంతా నీరు దిగదు. ఉల్లి వేళ్లలో అధిక భాగం పై జానెడు మట్టిలోనే ఉంటుంది కనుక అంతవరకు గుల్ల చేస్తే చాలు. బాగా చివికిన పశువుల ఎరువును రెండంగుళాల మందాన పరచి కలిపి, మీటరు వెడల్పున, 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టి, పక్క కాలువల నీరు బయటికి పోయే దారి చూపండి. కొద్దిపాటి ఇసుక చల్లడం వల్ల బంకమట్టి వదులు కాదు. ఆ ఖర్చు ఎరువుకే పెట్టడం మేలు.

విత్తనం ఎంపికలో పగటి నిడివిని తప్పక చూడాలి. ఇక్కడ డిసెంబరు పగలు పదకొండు గంటల పైచిలుకే. గడ్డ కట్టడానికి పద్నాలుగు గంటల వెలుగు కోరే చలిదేశాల రకాలు ఇక్కడ కాడలతోనే ఆగిపోతాయి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్కా నికేతన్ రబీకి అనువైనది, నిల్వకూ ఆగుతుంది. చిన్నగడ్డలు కావాలనుకునేవారు 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు రోజ్ ఉల్లిని వేసుకోవచ్చు.

అక్టోబరు వానలు నారుమడిని చెరపకుండా పైన కప్పు ఉంచి, విత్తనాన్ని సెంటీమీటరు లోతున చల్లండి. ఆరేడు వారాల నారును, వానలు తెరిపిచ్చాక, వరుసల మధ్య 15, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల ఎడంతో నాటండి. బరువైన మట్టిలో లోతుగా నాటితే గడ్డ గుండ్రంగా ఊరక, మెడ లావై పొడుగు సాగుతుంది. అందువల్ల వేళ్లు కప్పుబడి, మొక్క నిలబడేంత లోతే చాలు. గడ్డ ఊరుతూ భుజాలు బయటపడినప్పుడు, చూడలేక మట్టి ఎగదోయకండి.

వేలు రెండు కణుపుల వరకు గుచ్చి, తడి తగలకపోతేనే నీరు పెట్టండి. తడి ఆరాక పైన కట్టే పెచ్చును చిన్న పారతో పైపైన పగలగొట్టండి. ఎండ ముదిరేకొద్దీ తామర పురుగులు ఆకుల మొదళ్లలో చేరి వెండిచారలు తెస్తాయి. సబ్బు కలిపిన వేపనూనెను, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున, మొదళ్లు తడిసేలా సాయంత్రం పిచికారీ చేయాలి.

సగం కాడలు వాలే నాటికి, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, కోతకు రెండు వారాల ముందే నీరు ఆపి ఉండాలి. బంకమట్టి తడిని ఆలస్యంగా వదులుతుంది. గడ్డలను కాడ పట్టి లాగకుండా కింద నుంచి గునపంతో ఎత్తి, వేసవి జల్లులకు చిక్కకుండా నీడలో పది రోజులు ఆరబెట్టి, మెడ పూర్తిగా ఎండాకనే రెండు మూడు సెంటీమీటర్ల కాడ వదిలి కత్తిరించండి.