ముసురు పట్టకముందే అతుకు పని చేసుకోండి

మన నెల్లూరు, ఒంగోలు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వంటగట్టు చీమకుర్తి రాయికి అంచు పెచ్చు ఊడినా, ఆవకాయ జాడీ మూత మీద బుడిపె విరిగినా, ఎండ కాస్తుండగానే అతికించేయండి. నిరుడు నవంబరు ముసురులో ఆగలేక నేను మా గట్టు పెచ్చు అతికించాను. బట్టతో తుడిస్తే పైకి పొడిగానే ఉంది. నాలుగో రోజుకి జిగురు మొత్తం రేకులా రాయిని వదిలేసి లేచొచ్చింది. రాయి లోపల చెమ్మ అలాగే ఉంది మరి.

ముందు ఒక్కటి చూసుకోండి: ఆ వస్తువు వాడేటప్పుడు వంగుతుందా? చెప్పులు, బ్యాగు పట్టీల్లాంటివి వంగుతాయి. వాటికి గట్టి జిగురు పెడితే నాలుగు అడుగులకే పగులుతుంది, రబ్బరు గమ్మే వాడాలి. వంగని రాయికి, ఇనుముకి, పింగాణీకి ఆరల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ మంచిది. ఫెవిక్విక్ కూడా గట్టిదే కానీ పెళుసు, సందు ఉంటే నింపదు, దెబ్బ తగిలితే ఊడుతుంది. ప్లాస్టిక్ బకెట్లకి మాత్రం ఈ రెండూ సరిగా పట్టవు, డబ్బులు దండగ.

రెండు వైపులా ఉప్పుకాగితంతో గరుకు చేసి, దుమ్ము దులిపి, నూనె జిడ్డు పోయేలా కడిగి, ఎండలో బాగా ఆరనివ్వండి. మామూలు ఆరల్డైట్ అయితే రెండు ట్యూబుల నుంచీ సమానంగా చారలు తీసి, అట్టముక్క మీద ఒకే రంగు వచ్చేదాకా కలపండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ (జిగురును గట్టిపరిచే రెండో ట్యూబు) ఎక్కువ వేస్తారు చాలామంది. అది తప్పు, అతుకు మెత్తబడిపోతుంది. పలచగా రాసి, కదలకుండా టేపు చుట్టండి. గట్టిగా అదిమితే జిగురంతా బయటికొచ్చేస్తుంది.

చేతులకి గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ పదే పదే తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. ఫెవిక్విక్‌ని దూదితో, నూలు బట్టతో తుడవకండి, వేడెక్కి చెయ్యి కాలుతుంది. వేళ్లు అంటుకుంటే పీకొద్దు, గోరువెచ్చని సబ్బునీళ్లలో నాననివ్వండి. కంట్లో పడితే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలున్న ఇంట్లో ట్యూబు అటకెక్కాల్సిందే.

పొయ్యి పక్కన వేడి తగిలే అతుక్కి మామూలు ఎపాక్సీ వద్దు, మెత్తబడుతుంది. తిండి తగిలే చోటా వద్దు.

అతికించాక ఒక రోజంతా ముట్టుకోకండి. అట్టముక్క మీద మిగిలిన జిగురును గోటితో నొక్కి చూడండి. గుంట పడుతుంటే టేపు ఇంకా విప్పకూడదు.