మయోసైటిస్: సీపీకే తగ్గినా కాళ్లలో బలం రావట్లేదా?

సమస్య: పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. తల దువ్వుకుంటుంటే చెయ్యి కిందికి జారిపోతుంది. నొప్పి అంతగా ఉండదు. తుంట్లు, భుజాలు రెండు వైపులా వారాల తరబడి ఇలా బలం కోల్పోతుంటే కండరాన్నే అనుమానించాలి. అది మయోసైటిస్, అంటే కండరాల వాపు జబ్బు, కావచ్చు.

ముందు సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) పరీక్ష చేయించండి. అందరూ దాటేసేది ఇదే! ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయని నెలల తరబడి లివర్ మాత్రలు మింగుతారు. ఆ ఎంజైములు కండరంలోనూ ఉంటాయి మరి. కండరం వల్ల పెరగని లివర్ ఎంజైము జీజీటీ మామూలుగా ఉండి సీపీకే వేలల్లో ఉంటే లివర్‌ను వదిలేసి కండరం సంగతి చూడాలి. కండరానికి ఇంజెక్షన్ చేయించుకున్నా, జిమ్‌లో బాగా కష్టపడినా సీపీకే పెరుగుతుంది కాబట్టి కొన్ని రోజులు ఆగి రక్తం ఇవ్వండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా రాయించుకోండి. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

అసలు మోసం మందు మొదలయ్యాక జరుగుతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు కిలో బరువుకు 1 మి.గ్రా. చొప్పున ఇస్తారు. సీపీకే దిగుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. కొన్ని వారాలకు మళ్లీ మెట్లెక్కలేడు. జబ్బు తిరగబెట్టిందని డోసు పెంచితే ఇంకా దిగజారతాడు. ఎందుకంటే స్టెరాయిడ్ కూడా కండరాన్ని కరిగిస్తుంది, ముఖ్యంగా తొడల్లో. ముఖం ఉబ్బి తొడలు సన్నబడుతుంటే ముందు దాన్నే అనుమానించాలి. అప్పుడు సీపీకే సాధారణంగా పెరగదు. వెల్లకిలా పడుకోబెట్టి తల ఎత్తమనండి: స్టెరాయిడ్ మెడ జోలికి పెద్దగా పోదు, జబ్బయితే మెడ కూడా నిలవదు. తేలకపోతే తొడల ఎంఆర్ఐ తీయించాలి. కండరంలో వాపు కనిపిస్తే జబ్బు ఇంకా రగులుతున్నట్టే. చర్మం మీద కూడా కనిపించే డెర్మటోమయోసైటిస్ రకంలో మాత్రం సీపీకేను నమ్ముకోవద్దు, అది మామూలుగా ఉన్నా జబ్బు ఉండొచ్చు. వేలి కణుపుల మీద ఎర్ర మచ్చలు, కనురెప్పల మీద ఊదారంగు ఉన్నాయేమో చూడండి.

స్టెరాయిడే కారణమైతే రుమటాలజిస్టు (కీళ్లు, కండరాల వాపు జబ్బుల డాక్టరు) దాన్ని మెల్లగా తగ్గిస్తూ, రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్‌తోనో అజాథయోప్రిన్‌తోనో జబ్బును పట్టి ఉంచుతారు. స్టెరాయిడ్‌ను సొంతంగా ఒక్కసారి ఆపకండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఫిజియోథెరపీ మానొద్దు. బలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

50 దాటినవారిలో వేళ్లు మడవలేకపోతే ఇంక్లూజన్ బాడీ మయోసైటిస్ అనే మరో రకం కావచ్చు. స్టెరాయిడ్‌కు లొంగదు, కండరం ముక్క తీసి చేసే బయాప్సీతో తేలుతుంది.

నీళ్లు తాగితే పొలమారుతున్నా, నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.