రామప్ప గుడిని కింది నుంచి పైకి చూడటం ఎలా

పాలంపేటలోని రామప్ప గుడికి వచ్చినవాళ్లు చాలామంది నేరుగా మదనికల దగ్గరికే, అంటే చూరు కిందున్న స్త్రీ బొమ్మల దగ్గరికే వెళ్తారు. ఫొటోలు దిగి, లోపల దండం పెట్టుకుని తిరుగుముఖం పడతారు. మదనికలు గొప్పవే, కాదనను. కానీ ఆ బొమ్మ ఏ రాయికి ఆనుకుంది, ఆ రాయి దేన్ని మోస్తోంది అన్నది తెలియకపోతే గుడి సగం కూడా కనబడదు. నేను హనుమకొండలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. చుట్టాల పిల్లల్ని రామప్పకు తీసుకెళ్తే, రాళ్లు పేర్చిన వరుసలోనే, నేల నుంచి పైకి ఒక్కో భాగం పేరు చెబుతాను. మీరూ అలాగే చూడండి.

ఒక నోటుబుక్కు, పెన్సిలు, టార్చిలైటు పట్టుకెళ్లండి. మందపాటి సాక్సులు మర్చిపోవద్దు, ఎండ ముదిరితే రాయి మీద కాలు పెట్టలేం. గుడి ముఖం తూర్పుకి ఉంది కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది.

వెంటనే లోపలికి వెళ్లకండి. మెట్లెక్కాక మీరు నిలబడే, నక్షత్రంలా మూలలు తిరిగిన ఎత్తైన అరుగు ఉపపీఠం. ఎత్తు దాదాపు ఆరడుగులు. దాని కింద పునాదిలో ఇసుక నింపారు. ఉపపీఠం మీద అసలు గుడికి అడుగుభాగం అధిష్ఠానం. తొందరపడకుండా చూడాల్సింది ఇక్కడే. అధిష్ఠానం అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన రాతి వరుసలు. ఏ గుడిలోనైనా ఈ వరుసల్ని నీడను బట్టి గుర్తుపట్టవచ్చు. నేలకు ఆనుకుని చదునుగా ఉండే వరుస ఉపానం. బయటికి ఉబ్బి, పైభాగంలో వెలుగు పట్టేది కుముదం. లోపలికి నొక్కుకుపోయి ఎప్పుడూ నీడలో ఉండేది గళం. చూరులా కిందికి వంగింది కపోతం. అన్ని గుళ్లలో అన్ని వరుసలూ ఉండవు, క్రమం కూడా కొంచెం మారుతుంది. అందుకే బొమ్మలన్నీ గీయాలని కూర్చోకండి. పక్కనుంచి చూస్తే కనబడే అంచును ఒక్క గీతగా దించుకుని, ఒక్కో వంపు పక్కన దాని పేరు రాసుకోండి. ఈ ఒక్క గీత చేతికి వస్తే ఏ పాత గుడి ముందు నిలబడినా కంగారు ఉండదు.

ఇక గోడ, అంటే భిత్తి. గోడకు అంటుకుని కొంత మాత్రమే బయటికి కనబడే స్తంభం కుడ్యస్తంభం. దేవతామూర్తి కోసం వదిలిన గూడు కోష్ఠం. తూర్పు ముఖం గుళ్లలో అభిషేక జలం ఉత్తరపు గోడ నుంచి బయటికి వస్తుంది. ఆ రాతి తూము ప్రణాళం.

మండపం దగ్గర గోడ సగం ఎత్తులోనే ఆగిపోతుంది. దాని లోపలివైపు కూర్చోవడానికి కట్టిన రాతి అరుగు కక్షాసనం. బయటివైపు వరుసగా నడిచే ఏనుగుల్ని చూస్తూ ప్రదక్షిణం పూర్తి చేయండి. ఇప్పుడు తలెత్తితే మదనికలు. బయటి స్తంభాల భుజం మీంచి పుట్టి, చూరు రాళ్ల కిందికి ఏటవాలుగా చేరిన నల్లరాతి బొమ్మలు. చూరుకు ఆనినట్టే ఉన్నా, బరువంతా మోసేవి మాత్రం స్తంభాలూ దూలాలే. గోడల ఎర్ర ఇసుకరాయికీ ఈ నల్లరాయికీ, అంటే డోలరైటుకీ తేడా కంటికే తెలుస్తుంది. సన్నని నగిషీ అంతా ఈ గట్టిరాయి మీదే నిలిచింది. ఇది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

లోపల నడిమి పెద్ద మండపం రంగమండపం. నడిమి నాలుగు స్తంభాల్లో ఒకదాన్ని ఎంచుకోండి. కింద పీఠం, మధ్యలో కాండం, తలమీద దూలాన్ని అందుకునే బోదిక. ఆపైన దూలం, దానిమీద చెక్కిన కప్పు వితానం. టార్చిని నేరుగా కాకుండా పక్కనుంచి వేయండి, చెక్కడం లోతు తెలుస్తుంది. ముందుకెళ్తే గర్భగృహానికి ముందుండే చిన్న గది అంతరాళం, దాని తర్వాత గర్భగృహం. ద్వారానికి రెండు పక్కలా నిలువుగా సాగే పట్టీలు ద్వారశాఖలు, పైన నడిమధ్యలో ఉండే బొమ్మ లలాటబింబం, పక్కన రంధ్రాలతో చెక్కిన రాతి తెర జాలకం.

బయటికొచ్చి, దూరం నుంచి పైభాగం చూడండి. చాలామంది దీన్ని గోపురం అంటారు. గోపురం ప్రాకార ద్వారం మీద ఉంటుంది, గర్భగృహం మీద లేచింది విమానం. ఇక్కడ దాన్ని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. అంతస్తులు తలాలు, వాటిపైన శిఖరం.

1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి అయ్యాక, 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లి అదే వరుస వెతకండి. అక్కడ ఒకే రంగమండపానికి మూడు గర్భగృహాలు ఉంటాయి, శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి. దీన్ని త్రికూటం అంటారు. ఓపిక ఉంటే వరంగల్ కోటలో కీర్తితోరణం అనే రాతి ద్వారం దగ్గర కూర్చుని, నోటుబుక్కు చూడకుండా స్తంభం, బోదిక, దూలం గుర్తుపట్టండి.